టాల్టీ అన్నదమ్ములూ, ఐర్లండ్ మేనేజరూ, మధ్యలో కృపావతి

ఫుట్‌బాల్‌లో ఎవరు ఎటు కొట్టాలో కూడా కృపావతికి తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. అలాంటి మనిషి, కరోనా కాలంలో ఏడాది పొడుగునా, ఐర్లండ్ జట్టు మేనేజరు ఆ ఉద్యోగానికి పనికొస్తాడా రాడా అనే తగాదాని తన నోటితో, అదీ గట్టిగా అరిచి మరీ నడిపించాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే ఆవిడకి చిరాకే. "నా ఖర్మ కాకపోతే ఏంటండీ," అనే మొదలుపెడుతుంది.

ఆవిడ మాకు లిమరిక్‌లో తెలుగు ఆరాధనలో పరిచయం. సొంతూరు రేపల్లె దగ్గర. గుంటూరులో నర్సింగ్ చదివి, సౌదీలో కొన్నేళ్ళు చేసి, అటునించి ఐర్లండ్ వచ్చింది. ఎన్నిస్ ఊరి చివర ఒక వృద్ధుల హోంలో నర్సు. భర్త ఆమోసుకి షానన్‌లో గోడౌన్ పని. క్రికెట్ తప్ప మిగతావి ఆటలే కావనే మనిషి. కృపావతి చూడ్డానికి పొట్టిగా, సన్నగా ఉంటుంది గానీ గొంతు మాత్రం పెద్దది. మైకు పాడైన ఆదివారం వాక్యం చదవడానికి అందరూ ఆవిడ వంకే చూస్తారు. ఆ గొంతే ఆవిడ కొంప ముంచింది.

ఆ హోంలో మార్టిన్ టాల్టీ అని ఎనభై దాటిన ముసలాయన ఉండేవాడు. ఒకప్పుడు కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్. పార్కిన్‌సన్స్ జబ్బు వచ్చి చేతులు వణికేవి, గొంతు గుసగుసలాగా అయిపోయింది. ఆయన తమ్ముడు జాన్‌జో స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఈయనకి చెవుడు. చెవిలో మిషన్ పెట్టుకున్నా అది ఈల వేస్తూ ఉండేది. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. జాన్‌జో రోజూ మధ్యాహ్నం వచ్చి, అన్న మంచం పక్క కుర్చీ లాక్కుని, ఆయన నోటి దగ్గర చెవి పెట్టి కూచునేవాడు. అలా అయితే ఇద్దరికీ వినపడేది.

రెండువేల ఇరవై మార్చిలో హోం తలుపులు మూసేశారు. బయటివాళ్ళు ఎవరూ లోపలికి రాకూడదు. కిటికీ అవతల నిలబడి చూసుకోవచ్చన్నారు. మార్టిన్ గది కింది అంతస్తులోనే, కారు పార్కింగు వైపు. ఆ కిటికీ భద్రత కోసమని నాలుగు వేళ్ళంత మాత్రమే తెరుచుకుంటుంది. జాన్‌జో మడత కుర్చీ తెచ్చుకుని బయట కంకర మీద కూచున్నాడు. అన్న లోపలనించి ఏదో అన్నాడు. తమ్ముడికి వినపడలేదు. ఫోను ఇస్తే అన్న చెయ్యి వణికి కింద పడేశాడు. తమ్ముడి చెవి మిషన్ ఫోను తగలగానే ఈల వేసింది. ఆ పూట డ్యూటీలో ఉన్నది కృపావతి. పాపం కదా అని మార్టిన్ పక్కన నిలబడి, ఆయన అన్నమాట మాస్కులోంచి గట్టిగా తిరిగి చెప్పింది.

"బాగున్నావా అని అడుగుతున్నారు!"

"ఆఁ, గ్రాండ్, బాగున్నా," అన్నాడు జాన్‌జో. ముఖం విప్పారింది. "ఈ అమ్మాయి గొంతు భలే వినపడుతోంది."

అంతే. ఆ రోజునించీ ఆ పని ఆవిడదే అయింది. మిగతా నర్సులు అరిచినా జాన్‌జోకి వినపడలేదో, వినపడనట్టు కూచున్నాడో తెలియదు. ఆయన వచ్చాడంటే చాలు, "కృపా, నీ వాళ్ళొచ్చారు" అని పిలిచేవారు.

మొదటి రెండు వారాలూ బాగానే గడిచాయి. వాన, ఎవరు పోయారు, ఏ కొట్టు మూసేశారు, అంతే. ఏప్రిల్‌లో ఐర్లండ్ జట్టుకి కొత్త మేనేజరు వచ్చాడు. ఇక్కడి దేశవాళీ లీగులో జట్లని నడిపించి పైకొచ్చినాయన. మార్టిన్ పేపరు చూసి ఏదో గొణిగాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు జాన్‌జో బయటనించి.

కృపావతి వంగి విని, నిటారుగా నిలబడి అరిచింది. "పెద్ద ఆటగాళ్ళని ఎప్పుడూ నడిపించనివాడు, వీడేం పనికొస్తాడు అంటున్నారు!"

"మనవాడు! ఇక్కడి మట్టిలోంచి వచ్చినవాడు! బంతిని గాల్లోకి తన్నడం కాదు, ఒకరికొకరు అందించుకుంటూ ఆడించాలనుకుంటున్నాడు. టైమివ్వాలి అని చెప్పు వాడికి!"

మార్టిన్‌కి చెవులు శుభ్రంగా ఉన్నాయి, చెప్పక్కర్లేదు. ఆయన ముఖం కందగడ్డలాగా అయింది. మళ్ళీ గొణిగాడు. కృపావతి విన్నది చెప్పాలా వద్దా అని తటపటాయించింది.

"చెప్పు," అన్నాడు మార్టిన్.

"మీకు బుర్ర లేదంటున్నారు!"

అవతల కార్లో కూచున్న ఇంకొకరి కూతురు తల తిప్పి చూసింది. గౌను, మాస్కు, ముఖానికి ప్లాస్టిక్ షీల్డు వేసుకుని, ఒక నర్సు కిటికీలోంచి ముసలాయన్ని నీకు బుర్ర లేదని అరుస్తోంది. కృపావతికి సిగ్గుతో చెమటలు పట్టాయి.

మ్యాచులు మొదలయ్యేదాకా అయినా ఆగుతారేమో అనుకుంది. ఆగలేదు. ఎన్నిస్ ఉన్న క్లేర్ జిల్లా అంటే కర్రలతో ఆడే హర్లింగు ప్రాంతం, అందరికీ అదే పిచ్చి. వీళ్ళిద్దరికే ఈ ఫుట్‌బాల్ ఎందుకు పట్టుకుందో ఎవరికీ తెలియదు. వేసవి అంతా ఒక్క ఆట కూడా ఆడించని మేనేజరు గురించి కొట్టుకున్నారు. అవతల ఆవిడ తోసుకెళ్ళి మందులివ్వాల్సిన ట్రాలీ కారిడార్‌లో ఆగి ఉండేది. సగంమంది స్టాఫ్ క్వారంటైన్‌లో. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళాలంటే గౌను విప్పి ఇంకోటి తొడగాలి. ఇంత పనిలో వచ్చి కిటికీ దగ్గర నిలబడితే, వీళ్ళు ఒకరి ఆరోగ్యం ఒకరు అడగరు. తిన్నావా అనరు. మేనేజరు!

"అసలు మేనేజరంటే ఏం చేస్తాడు?" అని ఒకరోజు అన్నం తింటూ ఆమోసుని అడిగింది.

"క్రికెట్‌లో అయితే కోచ్..."

"క్రికెట్ వద్దు. దీనిలో చెప్పు."

"ఎవర్ని ఆడించాలో చెప్తాడు. గెలిస్తే వాళ్ళు గెలిచారంటారు, ఓడితే ఈయన ఓడించాడంటారు," అన్నాడు ఆమోసు. ఆయన ఆ వయసు మగాళ్ళందరిలాగే తెలియని విషయం కూడా ధైర్యంగా చెప్తాడు. అయితే ఈసారి చెప్పింది నిజమేనని ఆవిడకి తర్వాత తెలిసింది.

ఆ శరత్కాలంలో మ్యాచులు మొదలయ్యాయి. స్టేడియాల్లో మనిషన్నవాడు లేడు. మొదటి ఆట సమానంగా పోయింది. తర్వాతది ఓడారు. అక్టోబరులో స్లొవేకియా మీద పెద్ద మ్యాచు. దానికి ముందు ఇద్దరు ఆటగాళ్ళని కోవిడ్ క్లోజ్ కాంటాక్టని కూచోబెట్టేశారు. పెనాల్టీల్లో ఓడిపోయారు. ఆ మర్నాడు జాన్‌జో గొడుగు కింద కూచుని, "ఇద్దరు మంచి ఆటగాళ్ళు లేకపోతే ఎవడు మాత్రం ఏం చేస్తాడు!" అన్నాడు. మార్టిన్, "పనికొచ్చేవాడైతే ఉన్నవాళ్ళతోనే గెలిపిస్తాడు" అన్నాడు. కృపావతి ఆ మాట అరిచి చెప్తుంటే, ఆ రోజు తనతో డ్యూటీకి రావాల్సిన ఇద్దరు కేరర్లు, ముసలివాళ్ళకి సాయం చేసే ఆయాలు, రాలేదని గుర్తొచ్చి, గొంతు కాస్త ఎక్కువే లేచింది.

నవంబరు వచ్చేసరికి గోలు కొట్టడమే మానేశారు. ఇంగ్లండ్ చేతిలో మూడు గోల్స్ తేడాతో ఓడిన మర్నాడు మార్టిన్ ఉదయాన్నే షేవింగ్ చేయించుకుని, కొత్త స్వెటర్ వేయించుకుని, కిటికీ దగ్గరికి తోయమన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"మార్టిన్ అంకుల్, మీ దేశం ఓడిపోతే మీకెందుకంత సంతోషం?" అంది కృపావతి. మొదట్లో ఆయన్ని పేరు పెట్టి పిలవడానికి నోరు రాక అంకుల్ అనేది. తర్వాత అదే అలవాటైపోయింది.

"నేను చెప్పానా లేదా?" అన్నాడాయన గుసగుసగా.

ఆ రోజే ఇద్దరూ కలిసి ఆవిడని ఇరికించారు. "కృపా, మధ్యస్థంగా నువ్వు చెప్పు," అన్నాడు జాన్‌జో. ఆవిడ, గోల్స్ పడ్డం లేదు గానీ బాగానే పరిగెడుతున్నారని మా ఆయన అన్నాడు, అంది. ఇద్దరికీ ఒకేసారి కోపం వచ్చింది. ఆ అన్నదమ్ములు ఒక్కమాట మీద నిలబడ్డం ఆవిడ చూడ్డం అదే మొదటిసారి.

జనవరిలో కోవిడ్ హోంలోకి వచ్చింది. దాని గురించి కృపావతి ఎక్కువ చెప్పదు. హోం నడిపే మేట్రన్‌కి ముందు వచ్చింది. సీనియర్ నువ్వే కదా, నువ్వు చూసుకో అన్నారు. ఒక్క పూటలో ఆవిడ ఇన్‌చార్జ్ అయిపోయింది. ఏజెన్సీ పంపిన నర్సులకి ఏ గది ఎక్కడుందో తెలియదు. ఆక్సిజన్ ఒకచోట, మనుషులొకచోట. కారిడార్‌లో రెండు గదులు ఖాళీ అయ్యాయి, మూడోది కూడా. ఆ మూడో గది ముసలావిడ కొడుకు ఫోన్లో, "నిన్నెవరు పెట్టారు ఇక్కడ? ఈ పని నీ వల్ల కాదు, తెలుస్తోందా?" అన్నాడు. ఆవిడ సారీ అంది. తల్లి పోయినవాడితో ఇంకేం అంటుంది? ఫోను పెట్టేసి, ఇంకో గౌను తొడుక్కుని ఇంకో గదిలోకి వెళ్ళింది. మా సంఘం జూమ్ ప్రార్థనలో ఆ వారం కెమెరా ఆపుకుని కూచుంది. ఎందుకో మాకెవరికీ అప్పుడు తెలియదు.

మార్టిన్‌కీ పాజిటివ్ వచ్చింది. కిటికీ మూసేశారు. అయినా జాన్‌జో వస్తూనే ఉన్నాడు. వచ్చి ఆ చలిలో కంకర మీద కూచునేవాడు. ఒకరోజు ఆవిడ గది ముందునించి పోతూ అద్దంలోంచి చూసింది. లోపల మార్టిన్ ముక్కుకి ఆక్సిజన్ గొట్టంతో పడుకుని ఉన్నాడు. బయట జాన్‌జో నిలబడి, పేపర్లో ఆటల పేజీ విప్పి కిటికీ అద్దానికి ఆనించి, ఒక హెడ్డింగు కింద వేలు పెట్టి చూపిస్తున్నాడు. మేనేజరు పక్కనున్న కోచ్ ఒకాయన మానేశాడని వార్త. మార్టిన్ దుప్పటి మీదనించి చెయ్యి కొంచెం లేపి, చూశావా అన్నట్టు ఊపాడు.

"వీళ్ళకి చావు కూడా అడ్డం రాదు," అనుకుంది కృపావతి. ఆ తర్వాత కొద్ది రోజులకే తనకీ జ్వరం వచ్చి ఇంట్లో చిన్నగదిలో పడుకుంది. తలుపు బయట ఆమోసు పెట్టిన రసం అన్నం తిని, కిటికీలోంచి వాన చూస్తూ.

ఆవిడ కోలుకుంది. మార్టిన్ కూడా బతికి బట్టకట్టాడు, కానీ సగం మనిషయ్యాడు. టీకాలు వేశారు. మార్చి చివర్లో కబురొచ్చింది. ఇకమీద వారానికి రెండుసార్లు, ఒక్కొక్కరు, మాస్కు వేసుకుని లోపలికి రావచ్చు. మంచం పక్కన కూచోవచ్చు. జాన్‌జోకి ఆదివారం మధ్యాహ్నం ఇచ్చారు. ఆవిడ డ్యూటీ మధ్యాహ్నానికే అయిపోతుంది, అయినా తనే దగ్గరుండి తీసుకెళ్ళాలని ఉండిపోయింది. ఏడాది తర్వాత ఇద్దరూ ఒక గదిలో కూచుంటారు, ఇక తన గొంతుకి విశ్రాంతి అనుకుంది.

సరిగ్గా దాని ముందటి శనివారం ఐర్లండ్, సొంత గడ్డ మీద, లక్సెంబర్గ్ చేతిలో ఓడిపోయింది.

లక్సెంబర్గ్ అంటే ఎంత దేశమో కృపావతికి తెలియదు. ఆదివారం పొద్దున హోంకి వెళ్ళేసరికి మార్టిన్ ఫోను కావాలని గొడవ చేస్తున్నాడు. మధ్యాహ్నం వస్తాడుగా అంటే వినలేదు. చేసి స్పీకర్ పెట్టి, ఎప్పటిలాగే మధ్యలో నిలబడింది.

"లక్సెంబర్గ్!" అన్నాడు మార్టిన్. అది మాత్రం అవతల దానంతటదే వినపడింది.

"కుర్రాళ్ళతో జట్టు కడుతున్నాడు. ఇంకొంచెం టైమివ్వాలి," అన్నాడు జాన్‌జో.

మార్టిన్ తర్వాత అన్నది వినడానికి ఆవిడ బాగా వంగాల్సి వచ్చింది. విని అలాగే ఉండిపోయింది.

"ఏమంటున్నాడు? కృపా! ఏమన్నాడు?"

"మిమ్మల్ని అడగమంటున్నారు... నాకెందుకు ఇవ్వలేదు టైము అని."

అవతల ఫోను కట్టయింది.

మధ్యాహ్నం జాన్‌జో రాలేదు. మార్టిన్ స్వెటర్ వేసుకుని, జుట్టు దువ్వించుకుని, తలుపు వైపు చూడకుండా తలుపు వైపే కూచున్నాడు. కృపావతి వాచీ చూసుకుంటూ గేటు దాకా రెండుసార్లు వెళ్ళొచ్చింది. ఇంట్లో ఆమోసు బిర్యానీ వండి ఎదురుచూస్తున్నాడు. ఫోను చేస్తే జాన్‌జో ఎత్తి, "వాడు ఆ మాట వెనక్కి తీసుకునేదాకా రాను," అన్నాడు. ఇక్కడ మార్టిన్‌ని అడిగితే, "వాడు ఒప్పుకునేదాకా రావద్దని చెప్పు," అన్నాడు.

"ఏం ఒప్పుకోవాలి?"

మార్టిన్ గోడ వైపు తిరిగాడు.

ఆ వారం గడిచింది. గురువారం పూట కూడా ఖాళీగా పోయింది. మిగతా గదుల్లోకి కూతుళ్ళూ మనవలూ వచ్చి ఏడ్చి, నవ్వి, చేతులు పట్టుకుని పోతున్నారు. మార్టిన్ తిండి తగ్గించాడు. ఆవిడ ఓపిక అక్కడితో అయిపోయింది. జాన్‌జో ఇల్లు కిల్‌రష్ రోడ్డు పక్కన, కృపావతి వాళ్ళింటికి పోయే దారిలోనే. అప్పటికింకా ఐదు కిలోమీటర్లు దాటి పోకూడదనే నిబంధన ఉంది గానీ ఇది దాని లోపలే. డ్యూటీ దిగి, యూనిఫాం మీదనే వెళ్ళి తలుపు కొట్టింది.

జాన్‌జో తలుపు తీసి, రెండడుగులు వెనక్కి నిలబడ్డాడు.

"ఏమిటి మీ గొడవ?" అంది. మెల్లగా మాట్లాడే అవసరం లేదు కదా, వీధంతా విన్నది.

ఆయన కాసేపు చెప్పులు చూసుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఎప్పుడో కుర్రతనంలో ఊళ్ళో ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు ఉండేదట. దానికి మార్టిన్ మేనేజరు. జాన్‌జో ఆటగాడూ, కమిటీ మెంబరూ. వరసగా ఓడారు. క్రిస్మస్ దాకా కూడా ఉంచకుండా కమిటీ మార్టిన్‌ని తీసేసింది. చేతులెత్తమంటే జాన్‌జో కూడా ఎత్తాడు. అన్న ఏమీ అనలేదు. ఆ తర్వాత యాభై ఏళ్ళపాటు కలిసి టీవీలో మ్యాచులు చూశారు, ఆ మాట మాత్రం ఎప్పుడూ రాలేదు.

"ఎందుకెత్తారు చెయ్యి?"

"వాడు పనికిరాడు, కృపా," అన్నాడు జాన్‌జో దీనంగా. "ఎవర్నీ బాధపెట్టలేడు. అందర్నీ ఆడించేవాడు. ఒక మ్యాచులో నన్ను గోల్‌కీపర్‌గా నిలబెట్టాడు. నన్ను!"

"మరి ఈ మేనేజరుకి టైమివ్వాలని ఎందుకు అంటున్నారు ఏడాదినించీ?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అప్పుడు కృపావతికి ఇంగ్లీషు అయిపోయింది. మిగతాది తెలుగులోనే వచ్చింది.

"ఏడాది పొడుగునా మీ ఇద్దరి తిట్లూ నా నోటితో మోశాను. ఊపిరాడని మాస్కులో అరిచి అరిచి గొంతు పోయింది. అక్కడ లోపలికి రానిచ్చేసరికి చూసుకోవడానికి మనుషులే మిగల్లేదు కొంతమందికి. మీకు మిగిలాడు. ఇంకా ఎన్నాళ్ళుంటాడనుకుంటున్నారు? బాల్ ఎవడు తన్నితే మీకెందుకు, ఎవడు ఆపితే మీకెందుకు?"

"ఏమన్నావు?" అన్నాడు జాన్‌జో.

"కోటు వేసుకుని రేపు రండి అన్నాను."

మర్నాడు ఆయన పూట కాదు. ఆవిడ మేట్రన్‌ని బతిమాలి సందు చేయించింది. జాన్‌జో గదిలోకి వచ్చి, మంచం పక్క కుర్చీ లాక్కుని, పాత అలవాటు ప్రకారం అన్న నోటి దగ్గర చెవి పెట్టాడు. కృపావతి తలుపు దగ్గరే నిలబడింది, అవసరమైతే ఉంటానని. మార్టిన్ ఏదో అన్నాడు. జాన్‌జో ఏదో అన్నాడు. మళ్ళీ మార్టిన్. ఆవిడకి ఏమీ వినపడలేదు. ఏడాదిలో మొదటిసారి వాళ్ళ మాటలు తనకి తెలియలేదు. ట్రాలీ తోసుకుని వెళ్ళిపోయింది. తమ్ముడు ఒప్పుకున్నాడో, అన్న వెనక్కి తీసుకున్నాడో ఇప్పటికీ ఆవిడకి తెలియదు.

అక్కడితో ఫుట్‌బాల్ వదిలేస్తారనుకుంటే అది మన పొరపాటు. జూన్‌లో ఆండోర్రా అనే ఇంకో బుల్లి దేశంతో మ్యాచు. ఇద్దరూ గదిలో టీవీ ముందు కూచున్నారు. కృపావతి సాయంత్రం మాత్రలు తీసుకుని వెళ్ళేసరికి ఆండోర్రా గోలు కొట్టింది.  జాన్‌జో కుర్చీలోంచి లేచి, "ఇక చాలు. వీడివల్ల కాదు. పనికిరాడు, పంపించెయ్యాలి," అన్నాడు. ఆయనే అన్నాడు.

ఆవిడకి ఎక్కడినించి వచ్చిందో కోపం.

"కూచోండి," అంది. "ఆయన వచ్చింది ఎలాంటప్పుడు? మనుషులు జబ్బుపడ్డారు. ఉన్నవాళ్ళని ఆడనివ్వరు. చూసి చప్పట్లు కొట్టడానికి ఒక్కడు లేడు. అలాంటప్పుడు ఎవరికిచ్చినా ఆ పని అలాగే ఉంటుంది. చేతనవుననీ, కాదనీ బయట కూచుని ఫోన్లో చెప్పడం తేలిక. మాత్రలు వేసుకోండి."

ఇద్దరూ ఆవిడ వంక నోరు తెరిచి చూశారు. మార్టిన్ బుద్ధిగా మాత్రలు మింగాడు. ఆవిడ ట్రాలీ దగ్గరికి వచ్చి, గ్లవ్స్ విప్పి చెత్తలో విసిరికొట్టి, పక్కగదిలోకి పోయింది. కాసేపటికి జాన్‌జో కేక వినపడింది, ఆ తర్వాత ఇంకొకటి. ఐర్లండ్ నాలుగు కొట్టిందట. ఆ మేనేజరుకి అదే మొదటి గెలుపు. ఆండోర్రా మీద గెలుపు కూడా గెలుపేనా అని మార్టిన్ అన్నాడని తర్వాత తెలిసింది.

మరుసటేడు వసంతంలో, నిద్రలో, మార్టిన్ పోయాడు. జాన్‌జో శవపేటిక పక్కన నిలబడి అందరితో చేతులు కలిపాడు. కృపావతి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి వదల్లేదు చాలాసేపు.

మేనేజరు ఇంకో ఏడాది పైనే ఆ ఉద్యోగంలో ఉన్నాడు. ప్రతి మ్యాచు అవ్వగానే జాన్‌జో కృపావతికి ఫోను చేసేవాడు. చెవి మిషన్ ఈల వేస్తుంటే, ఎవర్ని తప్పుగా ఆడించాడో, ఎవర్ని కూచోబెట్టాడో చెప్పేవాడు. "అరవకండి, నాకు వినపడుతోంది" అని ఆవిడ అరిచేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మేమంతా వాళ్ళింట్లో అన్నాలు తింటుంటే ఆ ఫోను వచ్చింది. ఆవిడ ఎడమచేత్తో తీసుకుని, "అబ్బా," అని విసుక్కుంటూ వంటగదిలోకి పోయి తలుపు వేసుకుంది. పప్పు చల్లారిపోయింది. ఆవిడ ఇంకా లోపలే ఉంది, ఆ ఎడమవైపు ఆడే కుర్రాణ్ణి ముందే ఆటలోకి దించాల్సింది కాదా అని జాన్‌జోతో వాదిస్తూ.